ప్రమాణము తప్పినవాడు పాపియా?



త్రాగుడు చెడ్డదని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. ఆ మాట మన యిండ్లలో ఊహ తెలిసిన నాటినుండి చెప్పుచునే యుందురు. త్రాగువానికిని అది తెలియును. నన్ను ఇరువది యేండ్లకు పైగా వెంటాడుచున్న ప్రశ్న వేఱు. ఇక త్రాగనని ఇష్టలింగము సాక్షిగా ప్రమాణము చేసినవాడు ఆ ప్రమాణమును తప్పినచో అతని నేమనవలెను? పాపి యనవలెనా, రోగి యనవలెనా? పాపి యన్నచో దూరముగా నుంచుట సులభము. రోగి యన్నచో "పాపము, అతడేమి చేయగలడు" అని ఊరకుండుట సులభము. ఈ రెండు మాటలను మన కుటుంబములలోను, మఠముల ఆవరణలలోను తఱచుగా వినుచున్నాను. రెండింటిని నేనును ఆడియున్నాను.

1998వ సంవత్సరమున అనంతపురము జిల్లాలోని ఒక పల్లెలో తెలుగు పండితుడుగా క్రొత్తగా చేరితిని. రాష్ట్రమంతట 1995 జనవరిలో అమలునకు వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడి, దుకాణములు మరల తెరువబడిన కాలమది. మా పాఠశాలలో నాకంటె పదునైదేండ్లు పెద్దవారైన లెక్కల ఉపాధ్యాయు లొకరుండిరి. మనవారే. నేను అన్నగారని పిలిచెడివాడను. ఆయన నన్ను తమ్ముడనెడివారు. నల్లబల్లపై ఆయన వట్టిచేతితో గీసిన వృత్తము వృత్తలేఖినితో గీసినట్లుండెడిది. పిల్లలు దానిని తుడుచుటకు ఇష్టపడెడివారు కారు.

ఆయన సైకిలు మీదనుండి పడి నడుమునకు దెబ్బ తగిలినది. ఎముక విరుగలేదు గాని నొప్పి పోలేదు. రాత్రిళ్ళు నిద్ర లేక బాధపడుచుండగా, పడుకొనునపుడు కొంచెము వేసికొన్నచో నొప్పి తెలియదని ఎవరో చెప్పిరి. ఆ చెప్పినవాడు శత్రువు కాడు, మంచి కోరినవాడే. నొప్పి నిజముగానే తెలియలేదు. రెండేండ్లు గడచుసరికి కొంచెము కాస్త సీసా అయినది. రాత్రి కాస్త పగలు కూడ అయినది. నల్లబల్లమీది వృత్తము వంకరపోయినది.

ఒకనాడు తెల్లవారుజామున ఆయన మా తలుపు తట్టిరి. చేతులు వణకుచున్నవి, నుదుట చెమట. "తమ్ముడూ, నేనిప్పుడు సుఖం కోసం తాగడం లేదు. తాగకపోతే ఒళ్ళంతా నొప్పి. ఆ నడుం నొప్పి కాదు, ఇది వేరే. ఏం చేయాలో చెప్పు" అనిరి. నేను నమ్మలేదు. త్రాగువారు చెప్పు సాకులలో ఇదియొక క్రొత్త సాకు అనుకొంటిని. స్నానము చేయించి, పూజకు కూర్చుండబెట్టి, ఎడమ అరచేత ఇష్టలింగము నుంచుకొని యుండగా ఇక ముట్టనని ప్రమాణము చేయించితిని. ఆయన కన్నీరు పెట్టుకొనిరి. ఒక మనుష్యుని ఒక్క ఉదయములో బాగుచేసితినని నాకు లోలోపల గర్వముగా నుండెను.

మూడవనాటి రాత్రి ఆయన గోడమీద చీమలబారులు ప్రాకుచున్నవని కేకలు వేసిరి. అక్కడ చీమలు లేవు. భార్యను గుర్తింపలేదు. పిమ్మట మూర్ఛ వచ్చినది. జీపులో పట్టణమునకు తీసికొనిపోతిమి. అక్కడి వైద్యుడు "ఇంత త్రాగువానిచేత ఒక్కసారిగా మాన్పించిన దెవరు?" అని అడిగెను. నేనే అంటిని. "మాన్పింపవలసినదే, కాని ఇట్లు కాదు, ప్రాణము పోయెడిది" అనెను. అన్నగారు బ్రతికిరి. నాలుగు నెలలు త్రాగలేదు. అయిదవ నెలలో మరల త్రాగిరి. అది మొదలు మఠమునకు రాలేదు. మా యింటికి రాలేదు. వీధిలో నేను ఎదురైనచో ఆవలి ప్రక్కకు పోయెడివారు. లింగము ముట్టి చెప్పిన మాట తప్పినవానికి మఠములో ఏమి పని యని భార్యతో అనిరట.

ఆ తెల్లవారుజామున ఆయన చెప్పినది సాకు కాదని నేను తెలిసికొనుటకు చాల కాలము పట్టినది. దానిని నాకు తెలిసినంతలో ఇక్కడ విప్పి చెప్పెదను. నేను వైద్యుడను కాను, తెలుగు చెప్పుకొనువాడను. అయినను చదివి, అడిగి తెలిసికొన్న విషయము.

1954లో కెనడా దేశమున మాంట్రియల్ నగరములోని మెగిల్ విశ్వవిద్యాలయమున జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనువారు ఒక ఎలుక మెదడులో సన్నని తీగ నమర్చి, అది ఒక మీటను నొక్కినపుడెల్ల ఆ తీగగుండ స్వల్పముగా విద్యుత్తు పారునట్లు చేసిరి. మెదడులోని కొన్ని చోట్ల తీగ తగిలినపుడు ఎలుక మీటను నొక్కుచునే యుండెను. దానికి తిండియు లభింపలేదు, నీరును లభింపలేదు. నొక్కుటే దానికి కావలసినది. సుఖమును, కోరికను నడుపు మార్గమొకటి మెదడులో నున్నదని అప్పటినుండి శాస్త్రజ్ఞులు వెదుకసాగిరి. ఆ మార్గములో డోపమైన్ అను రసాయనము ప్రధానమని నేడు చెప్పుచున్నారు. మెదడు అడుగుభాగమున నున్న కొన్ని నాడీకణములు ఈ డోపమైన్‌ను ముందువైపున నున్న న్యూక్లియస్ అకుంబెన్స్ అను చిన్న భాగమునకు పంపును. అన్నము తినినను, బిడ్డ నవ్వును చూచినను ఈ మార్గము మేల్కొనును. మద్యమును దీనినే మేల్కొల్పును, మిక్కిలి దురుసుగా.

వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు 1990 దశకములో కోతులపై చేసిన పరిశోధనలలో మరియొక సంగతి తేలినది. అనుకొనకుండ పండ్లరసము దొరికినపుడు కోతి మెదడులోని ఆ కణములు చెలరేగెను. రసమునకు ముందు ఒక దీపము వెలుగునట్లు అలవాటు చేయగా, కొంతకాలమునకు రసము దొరికినపుడు ఆ కణములు అదనముగా కదలలేదు; దీపము వెలిగినపుడే కదలెను. అనగా సుఖముకంటె సుఖపు సూచనకే మెదడు ఉరుకులు వేయును. దుకాణము బోర్డు కనబడగానే, జీతపు దినము రాగానే, పాత మిత్రుని కంఠము వినబడగానే త్రాగువాని పాదము తిరుగుటకు మూల మిక్కడ నున్నది. నోటిలో చుక్క పడకముందే పని సగము జరిగిపోవుచున్నది.

ఇది సుఖపు సంగతి. అన్నగారు చెప్పినది నొప్పి సంగతి. దానిని గూర్చి మనము తక్కువగా మాటలాడుకొందుము.

మద్యము నొప్పిని తగ్గించునన్నది అపోహ కాదు. 2017లో 18 ప్రయోగములను, అందు పాల్గొన్న 404 మందిని కలిపి లెక్కించి చూడగా, మూడు నాలుగు ప్రమాణముల మద్యము త్రాగినవారికి నొప్పి తీవ్రత చెప్పుకోదగినంతగా తగ్గినట్లు కనబడినది. మద్యము మెదడులో గాబా అను శాంతపరచు రసాయనమునకు బలమిచ్చును. గ్లుటమేట్ అను ఉత్తేజపరచు రసాయనమును అణచును. శరీరము తనకు తానై తయారుచేసికొను ఎండార్ఫిన్‌లను విడుదల చేయును. ఇవి నల్లమందు పనిచేయు చోటనే పనిచేయును. కావున నడుము నొప్పికి కొంచెము వేసికొమ్మన్నవాడు అబద్ధమాడలేదు. మేలు చేసినట్లు కనబడని మందు ఎవ్వరిని పట్టుకొనదు.

కాని మెదడు ఊరకుండదు. త్రాసులో ఒక ప్రక్క ప్రతిదినము బరువు పెట్టుచున్నచో అది రెండవ ప్రక్క తానును బరువు పెట్టుకొని సమము చేసికొనును. శాంతపరచు మార్గములను మందగింపజేసి, ఉత్తేజపరచు మార్గములను పెంచుకొనును. ఇట్టి స్థితిలో ఒక్కసారిగా మద్యమును తీసివేసినచో రెండవ పళ్ళెము నేలకు కొట్టుకొనును. చేతులు వణకును, నిద్ర పట్టదు, గుండె దడదడలాడును. కొందరికి మొదటి రెండు దినములలో మూర్ఛలు వచ్చును, రెండు మొదలు నాలుగు దినముల నడుమ మతిభ్రమ కలుగును. గోడమీద చీమలు కనబడిన ఆ మూడవ రాత్రి లెక్క ఇదియే. 2015లో తెలంగాణమున కల్తీకల్లును అరికట్టినపుడు, అందు కలిపెడి మత్తుమందులకు అలవాటుపడినవారు కొన్ని జిల్లాలలో ఇట్లే వణకుచు, వింతగా ప్రవర్తించుచు ఆసుపత్రులలో చేరిరి. మాన్పించుట మంచిపనియే. వైద్యుడు లేకుండ ఒక్కసారిగా మాన్పించుట మంచిపని కాదు.

నొప్పి విషయములోను ఈ త్రాసు ఇట్లే పనిచేయును. చాలకాలము త్రాగినవాడు మానినపుడు అతనికి మామూలు నొప్పి ఎక్కువ నొప్పిగా తోచును. మెదడులో భయమును, బెదురును పుట్టించు ఎమిగ్డలా అను బాదముగింజ వంటి భాగమున ఒత్తిడి రసాయనములు పెరిగిపోవును. ఈ చీకటి ప్రక్కను గూర్చి జార్జి కూబ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు 1990 దశకమునుండి వ్రాయుచున్నాడు. మొదట సుఖము కొఱకు త్రాగినవాడు, పిమ్మట బాధనుండి తప్పించుకొనుటకు త్రాగునని, ఆ బాధను మద్యమే తయారు చేసినదని ఆయన వాదము. దీనికితోడు ఏండ్ల తరబడి త్రాగినవారికి కాళ్ళు చేతుల నరములు దెబ్బతిని మంటలు, తిమ్మిరులు పుట్టును. మద్యము నొప్పిని తీసివేయలేదు, అప్పుగా తీసికొన్నది. మా అన్నగారు తొమ్మిదవ తరగతివారికి చక్రవడ్డీ బోధించుటలో ఆ చుట్టుప్రక్కల పేరుమోసినవారు. ఆ లెక్క ఆయన శరీరములోనే జరుగుచున్నదని ఆయనకును తెలియదు, నాకును తెలియదు. "ఇది వేరే నొప్పి" అని మాత్రము ఆయన గుర్తుపట్టిరి. శాస్త్రజ్ఞులు ప్రయోగములతో కనుగొన్నదానిని ఆయన తన ఒంటితో కనుగొని నాకు చెప్పిరి. నేను వినలేదు.

ఇక మెదడులోని భాగముల నడుమ సంధానమను మాట యొకటి నేడు వినబడుచున్నది. 1990లో సీజీ ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు రక్తములోని ప్రాణవాయువు మార్పునుబట్టి మెదడులో ఏ భాగము పనిచేయుచున్నదో ఎమ్.ఆర్.ఐ. యంత్రముతో చూడవచ్చునని చూపెను. 1995లో భారతీయ సంతతికి చెందిన భరత్ బిశ్వాల్ మరియొక అడుగు వేసి, మనిషి ఏ పనియు చేయక పడుకొని యున్నపుడు కూడ కొన్ని భాగములు కలిసి హెచ్చుచు కలిసి తగ్గుచు నుండునని గమనించెను. దీనిని నేను తరగతిగదినుండి అర్థము చేసికొంటిని. ఏ యిద్దరు పిల్లలు స్నేహితులో ఉపాధ్యాయునకు ఎవరును చెప్పనక్కరలేదు. వారు ఒకేసారి తలలెత్తుదురు, ఒకేసారి నవ్వుదురు, ఒకేసారి కిటికీవైపు చూతురు. నడుమ జరుగు మాట వినబడకున్నను సంబంధము తెలిసిపోవును.

అట్లు చూచినపుడు చాలకాలము త్రాగినవారిలో సుఖకేంద్రమునకును, నుదుటి వెనుకనుండి "వలదు" అని చెప్పు భాగమునకును నడుమ నున్న సంధానము మారినట్లు పెక్కు పరిశోధనలలో కనబడినది. నొప్పిని, దేహము లోపలి స్థితిని తెలుపు ఇన్సులా అను భాగము యొక్క సంబంధములును మారును. అన్ని పరిశోధనలు ఒకే రీతిగా చెప్పుట లేదు. కొన్ని సంధానములు బలహీనపడును, కొన్ని బలపడును, మనిషికి మనిషికి భేదమున్నది. అంతేకాక, కొన్ని భేదములు త్రాగుటకు పూర్వమే, త్రాగువారి కుటుంబములలో పుట్టిన పిల్లలయందు ఉండునట్లును తెలియుచున్నది. మద్యమునకు లొంగిపోవు స్వభావములో సుమారు సగము పుట్టుకతో వచ్చునదని కవలలను, దత్తుపిల్లలను పరిశీలించినవారు చెప్పుచున్నారు. ఆ ఛాయాచిత్రములను చూచి ఇతడు పాపియని గాని, ఇతడు నిర్దోషియని గాని ఎవరును తీర్పు చెప్పజాలరు. "వలదు" అను కంఠము మూగపోలేదు, సన్నగిల్లినది. దానినిబట్టి నాకు అర్థమైనది ఇంతే.

కొంచెము త్రాగిన ఏమియు కాదనువారికి ఒక మాట. బ్రిటనులో 36,678 మంది మెదళ్ళను పరిశీలించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, దినమునకు ఒకటి రెండు ప్రమాణములు త్రాగువారి మెదడు పరిమాణము కూడ త్రాగనివారికంటె కొంత తక్కువగా నుండుట, త్రాగుడు పెరిగినకొలది ఆ తగ్గుదల పెరుగుట కనబడినది. కారణము మద్యమే యని ఇట్టి పరిశీలన ఒక్కటియే తేల్చలేదు గాని, కొంచెము మేలే యను మాటకు మాత్రము దీనివలన బలము లేదు. సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టముగా చెప్పినది.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. మెదడే మారిపోయినపుడు బాధ్యత ఎవరిది?

గ్రీకు దేశపు అరిస్టాటిలు దీనిని ఆలోచించెను. మత్తులో నేరము చేసినవానికి రెట్టింపు శిక్ష వేయవలెనను శాసనమును ఆయన సమర్థించెను. ఏలయన, త్రాగకుండుట వాని చేతిలో నుండెను. చేయి వదలిన రాయిని మరల పట్టుకొనలేము, కాని వదలకుండుట మన వశములో నుండెను గదా యని ఆయన దృష్టాంతము. మన ఆదిపర్వములోని శుక్రాచార్యుని కథ వేఱొక త్రోవలో పోవును. కచుని బూడిద కలిపిన సురను త్రాగి మోసపోయిన ఆ గురువు, తెలిసిన పిమ్మట కచుని బ్రతికించుకొని, తన పొరపాటునుండి లోకమునకు ఒక కట్టడి చేసెను. అరిస్టాటిలు దృష్టాంతము మొదటి పాత్ర విషయములో సరియే. ఎవరును బలవంతపెట్టనిదే మొదటి పాత్ర నెత్తిన చేయి తనదే. ఆ విషయములో యువకులకు ఎంత కఠినముగా చెప్పినను నాకు సమ్మతమే. కాని నూరవ పాత్ర దగ్గర ఆ దృష్టాంతము నిలువదు. రాతికి చేయి లేదు. త్రాగువానికి ఇంకను చేయి యున్నది, వణకుచున్న చేయి. ఆ చేతితోనే అన్నగారు తెల్లవారుజామున నా తలుపు తట్టిరి.

బాధ్యత నశింపలేదు, దాని వేళ మారినదని నా అభిప్రాయము. రాత్రి తొమ్మిది గంటలకు, సీసా యెదుట, అతనినుండి దృఢసంకల్పమును కోరుట తడిసిన కట్టెనుండి మంటను కోరుట. తెల్లవారి, తెలివి కొంత నిలిచిన వేళ "నాకు సాయము కావలెను" అని యెవని కడకైన పోవుట అతని కర్తవ్యము. అన్నగారు ఆ కర్తవ్యమును నెరవేర్చిరి. తలుపు తెరచినవాడు తన కర్తవ్యమును నెరవేర్పలేదు.

ఇట్లన్నచో ఒక తల్లి నన్ను అడుగవచ్చును: "అయ్యా, మీరు అతనిపై ఇంత జాలి చూపుచున్నారు. దెబ్బలు తిన్న భార్య మాటేమి? పస్తున్న పిల్లల మాటేమి?" న్యాయమైన ప్రశ్న. త్రాగవలెనను తహతహకు మెదడు కారణము చూపును గాని, చేయి చేసికొనుటకు అది అనుమతిపత్రము కాదు. ఇల్లాలిని, పిల్లలను ముందు రక్షించి, పిమ్మట అతనికి చికిత్స. ఆమె పుట్టినింటికి పోయినచో సంసారము విడిచినదని నిందించు నోళ్ళు మన సమాజమున నున్నవి. ఆ నోళ్ళకు త్రాగువాని తప్పులో పాలున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమును మూయించునపుడు మెదడు శాస్త్రము కొఱకు వేచియుండలేదు. ఆ కదలిక పెరిగి 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. దుకాణము దూరమైనచో సూచనయు దూరమగునని కోతి ప్రయోగము చెప్పినదానిని వారు అనుభవముతో ఎఱిగియుండిరి.

మఠముల విషయము. కర్ణాటకములోని ఇళకల్లు మఠాధిపతులు డాక్టర్ మహాంత స్వామివారు 1970 దశకమున జోలె పట్టుకొని ఇల్లిల్లు తిరుగుచు, ధనధాన్యములకు బదులు దుర్వ్యసనములను భిక్షగా వేయుమని యడిగిరి. మహాంత జోలె యని దానికి పేరు. స్వామివారు 2018లో లింగైక్యులైరి. వారి జన్మదినమైన ఆగస్టు 1వ తేదీని ఆ రాష్ట్రము వ్యసనముక్త దినముగా జరుపుచున్నది. ఆ జోలెలో నాకు మిక్కిలి గొప్పగా తోచునది భిక్షకంటె నడక. త్రాగువాడు మఠమునకు వచ్చువరకు వారు కూర్చుండలేదు. వాని గుమ్మమునకు తామే పోయిరి. కల్యాణపు శరణులలో కల్లమ్ముట కాయకముగా గల హెండద మారయ్య కూడ నుండెను. ఆయన వచనములు నేటికిని నిలిచియున్నవి. ఆ పంక్తిలో అతనికి చోటు దొరికినపుడు, ఒక లెక్కల ఉపాధ్యాయునకు మన మఠపు వసారాలో చోటెట్లు లేకపోయినదని నేను పలుమారు అనుకొందును. ఎవరును ఆయనను పొమ్మనలేదు. నేను చేయించిన ప్రమాణమే ఆయనను పొమ్మన్నది.

ప్రమాణము తప్పని నేననుట లేదు. నలుగురి యెదుట చెప్పిన మాట మనిషిని నిలుపును. మానినవారు ఒకచోట కూర్చుండి ఒకరికొకరు చెప్పుకొను సభలు ఎందరినో నిలిపినవి. కాని ప్రమాణము చేయించినవాడు సాక్షి. సాక్షి మరునాడు ఇంటికి పోయి నిద్రపోరాదు. నేను నిద్రపోతిని. తప్పినపుడు మరల వచ్చి చెప్పుకొనుటకు వీలులేనట్లు చేయించిన ప్రమాణము ఉరియగును. అవమానపు బాధ సంగతియు ఇక్కడ చెప్పవలెను. ఆటలో వెలివేయబడినవారి మెదడులో, శారీరక బాధలోని దుఃఖాంశమునకు సంబంధించిన చోట కదలిక కలుగునని 2003లో అమెరికాలో ఒక పరిశోధన ప్రకటింపబడినది. రెండు బాధలును ఒక్కటి కావని తరువాతి పరిశోధకులు సవరించిరి. అయినను, బాధను తట్టుకొనలేక త్రాగువానిని అవమానించి మాన్పింపబూనుట ఎంత వివేకమో ఆలోచింపుడు.

మన యిండ్లలో జరుగుచున్న మరియొక పని. డైసల్ఫిరామ్ అను మాత్రను త్రాగువానికి తెలియకుండ అన్నములోనో మజ్జిగలోనో కలుపుచున్నారు. 1940 దశకమున డెన్మార్కులో త్రాగుడు మాన్పుటకు పనికివచ్చునని కనుగొనబడిన మందిది. అది లోపల నుండగా మద్యము పడినచో ముఖము ఎఱ్ఱబారి, వాంతులై, గుండె తల్లడిల్లును, ఒక్కొక్కపుడు ప్రాణాపాయము. అతనికి తెలిసి, అతడు ఒప్పుకొని, వైద్యుని పర్యవేక్షణలో తీసికొనవలసినదానిని దొంగతనముగా పెట్టుట ప్రేమతో చేసినను తప్పే. త్రాగుటలోని సుఖమును మందగింపజేయు నాల్ట్రెక్సోన్ అను మందు 1994లో అమెరికాలో ఇందుకు ఆమోదింపబడి మన దేశమునను దొరకుచున్నది. మానునపుడు వణకు, మూర్ఛలు రాకుండ మందులు, మెదడునకు కావలసిన థయమిన్ అను విటమిను ఇచ్చెదరు. 2019లో వెలువడిన జాతీయ సర్వే లెక్క ప్రకారము మన దేశములో సుమారు 2.9 కోట్లమంది మద్యమునకు బానిసలైయున్నారు. వారిలో వైద్యుని గుమ్మము త్రొక్కువారు బహు తక్కువ. సిగ్గుచే పోలేనివారు ప్రభుత్వము వారి ఉచిత దూరవాణి సంఖ్య 14446కు పిలిచి మాటలాడవచ్చును.

మానినచో మెదడు కోలుకొనునా? కొంత కోలుకొనును. కుంచించుకొనిన మెదడు కొన్ని వారములనుండి నెలలలో కొంత నిండుకొనుట ఛాయాచిత్రములలో చూచిరి. నిద్ర, దిగులు సరిపడుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టును. సూచన కనబడినపుడు ఉరుకు బుద్ధి అన్నిటికంటె చివర నెమ్మదించును. అయిదవ నెలలో తప్పుట అందువలన వింత కాదు.

అన్నగారి కథలో నాకు పాత్ర లేకుండ జరిగిన భాగ మొకటి యున్నది. ప్రక్క తాలూకా మఠపు స్వామివారు, ఆయన మఠమునకు వచ్చుట మానెనని విని, ఒక సాయంకాలము తామే ఆ యింటికి పోయి అరుగుమీద కూర్చుండిరట. మందలింపలేదు. క్రొత్త ప్రమాణ మడుగలేదు. బెంగుళూరులో వైద్యము చేయించి, తిరిగి వచ్చిన పిమ్మట వారమున కొకమారు కబురు చేయుచుండిరి. అన్నగారు ఆ తరువాతను రెండుమార్లు తప్పిరి. రెండుమార్లును స్వామివారికి తామే చెప్పిరి. మూడవసారి నిలిచిరి. ఉద్యోగ విరమణ దినమున పిల్లలు అడుగగా నల్లబల్లమీద వృత్తము గీసిరి; అంత గుండ్రముగా రాలేదు గాని పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆనాడు నేను దగ్గరకు పోయి, ఆ తెల్లవారుజామున మీ మాట నమ్మనందుకు క్షమింపుడంటిని. ఆయన నవ్వి, "నువ్వు ప్రమాణం అడిగావు తమ్ముడూ. స్వామివారు రాత్రి నిద్ర పట్టిందా అని అడిగారు" అనిరి. వేఱేమియు అనలేదు.

గత సంవత్సరము మా తరగతిలోని ఒక బాలుడు, విరామ సమయమున అందరును పోవువరకు నిలిచి, "సార్, మా నాయనకు పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి. మానేస్తానంటున్నాడు. మీరు వచ్చి ఒట్టు పెట్టించండి" అనెను. ఆ సాయంకాలము వారి యింటికి పోతిని. ఒట్టు పెట్టింపలేదు. దినమునకెంత, ఎన్నేండ్లనుండి, ఎక్కడ నొప్పి, ఎప్పుడైన మూర్ఛ వచ్చినదా యని అడిగి కాగితముమీద వ్రాసికొంటిని. మరునాడు ముగ్గురము బస్సులో పెద్దాసుపత్రికి పోతిమి; ఆ కాగితమును వైద్యునికి ఇచ్చితిని; చేర్చుకొనిరి. మూడవనాటి రాత్రి వార్డు బయటి వరండాలో, ఆ బాలుని ప్రక్కన, నేనును ఒక దుప్పటి పరచుకొని పడుకొంటిని.